సగం మీసం రాజుగారి రెండు రికార్డులు

తణుకులో మల్లేశ్వరరావుగారి బట్టల కొట్టుకు రికార్డు ప్లేయరు వచ్చింది బేరాలు పెరగాలని. పాట వినిపిస్తే జనం లోపలికి వస్తారని ఆయనకెవరో చెప్పారు. జనం వచ్చారు. బల్లల మీద చేరబడి పాటలు విన్నారు, మంచినీళ్ళు అడిగి తాగారు, రికార్డు అయిపోగానే లేచి వెళ్ళిపోయారు. నెల తిరక్కుండానే ఆయన దాన్ని రిక్షా ఎక్కించి ఇంటికి పంపేసి, "ఈ గోల నాకొద్దు, నువ్వే ఉంచుకో" అన్నారు భార్యతో.

ఆ భార్య జగదాంబ. నలభై దాటిన మనిషి. అప్పటిదాకా ఆమెకు పిచ్చి అని చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఆ సాయంత్రం మొదటిసారి తన చేత్తో ముల్లు ఎత్తి రికార్డు అంచున పెట్టింది. పోపులో ఆవాలు వేగినట్టు చిన్న చిటపట, ఆ వెనకే సన్నాయి. జగదాంబ వంటింట్లో అన్నం మాడుతున్న సంగతి కూడా మరిచిపోయి, "ఏవండీ, విన్నారా? పాటకు ముందు అది గొంతు సవరించుకుంటోందండీ!" అని కేకేసింది.

ఇక ఆగలేదు. మైకు సెట్లు అద్దెకిచ్చే చంద్రరావు దగ్గర గీతలు పడి మూల పడేసిన రికార్డులన్నీ ఆమె ఇంటికి చేరాయి. హరికథలు, నాటక పద్యాలు, సన్నాయి కచేరీలు, ఏ దేశానిదో తెలియని బ్యాండు ఒకటి. భర్త పాత పట్టుపంచె చింపి ఆ మెత్తటి గుడ్డతో రోజూ తుడిచేది. ఒకసారి కిటికీ దగ్గర ఎండ తగిలి ఒక రికార్డు అప్పడంలా వంగింది. దాన్నీ పారెయ్యలేదు. వేసి చూస్తే గాయకుడు అలల మీద ఊగే పడవలో కూర్చుని పాడుతున్నట్టుంది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అదే వినిపించి, వాళ్ళకంటే ముందే తను నవ్వేది.

ఆ చంద్రరావే ఒకరోజు ఒక బుర్రకథ తెచ్చిచ్చాడు. మీసం చూసుకుని మురిసిపోయే రాజుగారొకడు. ఆ మీసం గొరిగి తీరుతానని పందెం కట్టిన దొంగొకడు. దొంగ అంతఃపురంలో దూరాడు, మంచం ఎక్కాడు, కత్తి తీసి మీసం మీద పెట్టాడు. అంతలో రాజుగారికి మెలకువ వచ్చింది! కథకుడి పక్కనున్న వంతగాడు "అయ్యబాబోయ్, తర్వాత ఏమైందండీ?" అన్నాడు. రికార్డు అయిపోయింది.

తిరగేస్తే వెనక వైపు ఉన్నది అప్పటికే విన్న కథ మొదలే. అంటే మిగతా కథ మరో రికార్డులో ఉంది. చంద్రరావు దగ్గర అది లేదు. రాజమండ్రిలో అడిగించినా దొరకలేదు. వీధిలో అందరికీ ఇదే బెంగ పట్టుకుంది. పాలు పోసే మనిషి కూడా పొద్దున్నే "రాజుగారి సంగతేమైనా తెలిసిందాండీ?" అని అడిగి వెళ్ళేవాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒకనాడు భార్యాభర్తలు కోరుకొండ నరసింహస్వామి దర్శనానికని బస్సెక్కారు. మల్లేశ్వరరావుగారు ఎక్కగానే నిద్రపోయారు. బస్సు కొవ్వూరులో ఆగింది. ఎక్కడో పెళ్ళి మైకు మోగుతోంది. జగదాంబ చెవులు రిక్కించింది. "సగం మీసంతో రాజుగారు కొలువుకు వచ్చేసరికి..."

భర్తను లేపాలన్న ధ్యాస కూడా లేదు. దిగిపోయింది. బస్సు ఆయన్ని తీసుకుని వంతెన మీదికి వెళ్ళిపోయింది.

జగదాంబ ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆ గొంతు వెంట పరిగెత్తింది. చేపలు పట్టేవాళ్ళ పేటలో పందిరి. పెళ్ళికూతురు పీటల మీద కూర్చుంది. మధ్యలో కథ వినకుండానే ముగింపు చెవిన పడిపోతుందేమోనని కంగారుపడి, జగదాంబ పందిరి గుంజ పట్టుకుని రొప్పుతూ అరిచింది. "ఆపండి! ఆపండి!"

సందడంతా ఠక్కున ఆగింది. పంతులుగారి చేతిలోంచి అక్షింతలు జారిపోయాయి. పెళ్ళికొడుకు తెల్లబోయాడు. పెళ్ళికూతురు తల్లి తలుపులమ్మ ముందుకొచ్చి, "ఎవరండీ మీరు? ఈ పెళ్ళికి అడ్డమేంటండీ?" అంది.

"అయ్యో, పెళ్ళి కాదండీ! రికార్డు! ఆ రికార్డు ఆపండి. నేను మొదటి సగమే విన్నాను!"

తలుపులమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మొదటి సగం మీ దగ్గరుందాండీ? ఆయ్, ఎన్నాళ్ళనించో బుర్ర బద్దలు కొట్టుకుంటున్నానండి. ఆ రాజుగారి మీసం సగం ఎలా పోయిందండీ?"

చేపలమ్మి దాచుకున్న డబ్బుతో ప్లేయరు కొని, సంతల్లో దొరికిన రికార్డల్లా తెచ్చుకునే మనిషి ఆమె. ఆ రెండో రికార్డు ఆమెకు కంఠతా వచ్చు. మొదలే తెలియదు. ఇద్దరూ చేతులు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. పెళ్ళికూతురు "అమ్మా, నా పెళ్ళే!" అని గుర్తుచేయాల్సి వచ్చింది.

తాళి కట్టాక మల్లేశ్వరరావుగారు రాజమండ్రిలో మెలకువొచ్చి, భార్యను వెతుక్కుంటూ తిరుగు బస్సులో వచ్చి, మైకు మోత పట్టుకుని పందిరి చేరారు. మండిపడదామనుకున్నారు గానీ, చేతిలో గోళీసోడా పెట్టి కుర్చీ వేసేసరికి కూర్చుని తాగేశారు.

రికార్డు అమ్మమని జగదాంబ అడిగితే తలుపులమ్మ ఒప్పుకోలేదు. మొదటిది ఇమ్మని ఆమె అడిగితే జగదాంబా ఒప్పుకోలేదు. చివరికి ఆదివారం మధ్యాహ్నం తణుకులో రెండూ కలిపి వినాలని ఖాయం చేసుకున్నారు.

తలుపులమ్మ రికార్డును కొత్త తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చింది. కూతురూ అల్లుడూ వెంట వచ్చారు. జగదాంబగారి సావిడి నిండి, అరుగు నిండి, జనం వీధిలోకి పొర్లారు. మొదటి రికార్డు అయింది. రెండోది మొదలైంది. సగం మీసం రాజుగారు రాజ్యంలో అందరూ సగం మీసం గొరుక్కోవాలని ఆజ్ఞ వేశాడు. రాణిగారు లేచి, "అసలు ఆ దొంగను..." అంటుండగా కరెంటు పోయింది. ఆవిడ గొంతు సాగి, బొంగురుపోయి, దున్నపోతు మూల్గినట్టు మూల్గి ఆగిపోయింది.

వీధంతా హాహాకారాలు. తలుపులమ్మ "నాకు తెలుసండి, చెప్పేస్తాను" అని నోరు తెరిచింది. జగదాంబ గభాల్న ఆమె నోరు మూసింది. "మీరు చెప్పద్దు! అందులోంచే వినాలి నేను!"

చూపుడువేలు రికార్డు మీద ఆనించి మెల్లగా తిప్పి, చెవి ముల్లు దగ్గర పెట్టింది. దోమ రొదంత సన్నగా, ఆ ముల్లులోంచే మాట వస్తోంది! "వస్తోంది! వస్తోందండీ!" అని ఎగిరినంత పని చేసింది. వేలు తొందరపడితే రాణిగారు కీచుమంటోంది, నెమ్మదిస్తే ఆవలిస్తోంది. జగదాంబ విన్నది విన్నట్టు పైకి చెబుతుంటే తలుపులమ్మ వంత అందుకుంది. ఆమె "తందాన" అంటే వీధి వీధంతా "తాన" అంది.

"రాణి ఏమందో చెప్పవే!" అన్నారు మల్లేశ్వరరావుగారు, అందరికంటే ముందుకొచ్చి.

"ఆ దొంగను పంపింది నేనేనంటోందండీ! రాజుగారు మీసం మజ్జిగలో ముంచుతారటండీ. ఆ తడి మీసంతోనే వచ్చి..." జగదాంబ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వచ్చి?" అంది వీధి.

"ముద్దు పెడతాడటండి!" అని తలుపులమ్మ అరిచేసింది.

నవ్వులు ఎంతకీ ఆగలేదు. మల్లేశ్వరరావుగారు తన మీసం మీద చెయ్యేసి చూసుకున్నారు. కరెంటు ఎప్పుడొచ్చిందో ఎవరూ పట్టించుకోలేదు.

"జంటను విడదీయకూడదండి, నాదీ ఇక్కడే ఉండనివ్వండి" అని తలుపులమ్మ రికార్డు వదిలి వెళ్ళింది. ఆ వారంలోనే పరిగెత్తుకొచ్చి, "నిద్ర పట్టలేదండి వదినగారూ" అని రెండూ పట్టుకుపోయింది. తర్వాత జగదాంబ వెళ్ళి తెచ్చుకుంది. ఆ రాజుగారు తిరిగినన్ని సార్లు తణుకు, కొవ్వూరు మధ్య కండక్టర్లు కూడా తిరిగి ఉండరు.

తర్వాత క్యాసెట్లొచ్చాయి. జనం ఇళ్ళలోంచి రికార్డులు బయట పడేయడం మొదలుపెట్టారు. వదినలిద్దరికీ పండగే పండగ. రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించేవారు. ఒకసారి అట్ట మీద పేరు కూడా లేని రికార్డొకటి దొరికింది. బస్సు వంతెన దాటి కొవ్వూరులో ఆగేసరికి, అందులో ఏముందో వినకుండా ఆగే ఓపిక ఇద్దరికీ చచ్చిపోయింది. తలుపులమ్మ ఇల్లు ఇంకా దూరం. దిగీదిగగానే ఎదురుగా కనిపించిన డాబా ఇంటి తలుపు తట్టారు.

"ఏవండీ," అంది జగదాంబ తలుపు తీసిన ఇల్లాలితో, "మీ ఇంట్లో రికార్డు ప్లేయరుందాండీ?"

ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. చూసి, లోపలికి దారిస్తూ పక్కకు తప్పుకుంది.