దుప్పటి మీద పోసిన చిల్లర

మా చిన్నప్పుడు లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో గ్యాస్ అంకుల్ వచ్చిన రోజే మాకు పండగ...

మెట్ల కింద గూట్లో గ్యాస్ మీటరు ఉండేది. అందులో డబ్బు బిళ్ల వేస్తేనే పొయ్యి వెలిగేది. కొన్నాళ్లకోసారి గ్యాస్ కంపెనీ నుంచి అంకుల్ వచ్చి, పెట్టె తాళం తీసి, చిల్లరంతా వంటింటి టేబుల్ మీద గుమ్మరించేవాడు. కంపెనీవాళ్లు మీటరు రేటు అసలు ధర కన్నా ఎక్కువ పెట్టి ఉంచేవారు... లెక్క చూసి, ఎక్కువ పట్టుకున్నది అక్కడే అమ్మ చేతికి తిరిగిచ్చేవాడు. అమ్మ ముఖం వెలిగిపోయేది.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే. మన డబ్బు మనకిస్తే అది బహుమతి ఎలా అవుతుంది? ఉన్నవాళ్లు గ్యాస్ వాడుకుని తర్వాత బిల్లు కట్టేవారు. లేనివాళ్లు ముందే కట్టాలి, పైగా ఎక్కువ కట్టాలి.

సరే, ఆ రోజు సంగతి చెబుతాను.

ఆ చలికాలానికి అక్క కోటు చేతులు మోచేతుల దగ్గరికి వచ్చేశాయి. అమ్మ రోజంతా ఇంట్లోనే మిషన్ మీద ఫ్యాక్టరీ బట్టలు కుట్టేది. ఆ కూలి నాన్న చేతికి వెళ్లేది, అక్కణ్ణుంచి గుంటూరు దగ్గర మా పెదనాన్న పొలంలో బోరుకి. ఎన్నిసార్లు వేసినా ఆ బోరులో నీళ్లు పడలేదు... అది వేరే కథ. నాన్నకి తెలియని డబ్బు గ్యాస్ అంకుల్ ఇచ్చే చిల్లర ఒక్కటే. అక్క కోటు దానితోనే రావాలి.

తీరా అంకుల్ వచ్చేసరికి నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పైన పడుకున్నారు. చిల్లర చప్పుడుకి లేచారా, కోటు లేనట్టే. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

పక్కింటి ఐవీ ఆంటీ ఇదంతా చూసింది. తెల్లావిడ, ఆ వీధిలోనే పుట్టి ముసలిదైంది.

“దుప్పటి ఉందా, లవ్?”

ఆవిడకి అందరూ ‘లవ్’లే. ఆవిడ ఇంగ్లీషు అక్క అమ్మకి తెలుగులో చెప్పింది. దుప్పటి మడత పెట్టి టేబుల్ మీద పరిచారు. చిల్లర దాని మీదికి మెత్తగా జారింది... చప్పుడే లేదు.

“మా అమ్మ చేసేదే ఇది” అంది ఐవీ ఆంటీ. “మా నాన్నదీ రాత్రి డ్యూటీయే, రైల్వేలో. లేచాడంటే ఆ పెన్నీలు పబ్బుకి పోయేవి. మా బూట్లన్నీ దుప్పటి మీంచి వచ్చినవే.”

అంతలో మెట్లు కిర్రుమన్నాయి. అమ్మ దుప్పటి రెండో కొస చిల్లర మీద కప్పేసింది. లుంగీ సర్దుకుంటూ నాన్న దిగారు.

“ఏంటే ఇంతమంది?”

“మీటరు చూడ్డానికొచ్చారండీ. టీ తాగుతారా?”

“నీ గురక వీధి చివరికి వినపడుతోంది, చూసిపోదామని నేనొచ్చా” అంది ఐవీ ఆంటీ.

నాన్న టీ కప్పు దుప్పటి మీద పెట్టారు. కప్పు ఒరిగింది. గ్యాస్ అంకుల్ని ఇంగ్లీషులో అడిగారు.

“ఈ టేబుల్ ఎగుడుదిగుడుగా ఉందేంటి?”

గ్యాస్ అంకుల్ నవ్వకుండా అన్నాడు. “పాత ఇళ్లు సార్. అన్నీ వంకరే.”

ఆ శనివారం అక్కకి ఎర్ర కోటు వచ్చింది. “ఐవీ ఆంటీ మనవరాలిదట” అని అమ్మ నాన్నకి చాలా తాపీగా చెప్పింది.

మన గ్రూపుల్లో ‘ఆ తరం అమ్మల పొదుపు చూసి నేర్చుకోండి’ అని పోస్టులు పెడుతుంటారు. ఏం నేర్చుకోవాలండీ? తను కుట్టి సంపాదించిన డబ్బుని చప్పుడు కాకుండా లెక్కపెట్టుకోవడమా? ఐవీ ఆంటీ వాళ్లమ్మ కాలం నుంచి మా అమ్మ దాకా అదొక్కటీ మారలేదు. వాళ్ల తెలివికి దండం పెడతాను. ఆ తెలివి అవసరమయ్యేలా చేసినవాళ్లని మాత్రం మెచ్చుకోమనకండి.

మొన్న మా వీధి చివర షాపులో ఒకమ్మాయి చంటిపిల్లని ఎత్తుకుని గ్యాస్ మీటరు కార్డు టాపప్ చేయించుకుంటోంది. ఇప్పుడూ ముందే కట్టాలి. ఇప్పుడు డబ్బు చప్పుడు లేకుండానే పోతోంది... టేబుల్ మీద పోసి మిగిలింది చేతిలో పెట్టే అంకులే లేడు.

మీ అమ్మ ఎక్కడ దాచేది? బియ్యం డబ్బాలోనా, చీర మడతల్లోనా? కామెంట్లలో చెప్పండి. నాన్నలు లేస్తారని భయం వద్దు... ఇక్కడ దుప్పటి పరిచే ఉంచాను.