ప్లీడరుగారి ‘అధ్యక్షా’

మా ప్లీడరుగారు పోయారని సోమవారం పొద్దున్నే ఆయన గుమస్తా ఫోన్ చేశారు. “రాత్రి పెరుగన్నం తిని, రేపటి వాయిదాలేంటని అడిగి పడుకున్నారమ్మా. మరి లేవలేదండీ” అన్నారు. బాగా ఏడ్చాను. ఆయన్ని తలుచుకుంటూ ఎంతోసేపు ఏడవడం ఎవరివల్లా కాదు, కాసేపటికే నవ్వొచ్చింది.

ఆయన ఒక్క విడత ఎమ్మెల్యేగా చేశారు. రెండోసారి ఓడిపోయి, మర్నాడే మళ్ళీ నల్లకోటు తగిలించుకుని అమలాపురం కోర్టుకు వచ్చేశారట. అసెంబ్లీలో అలవాటుకొద్దీ స్పీకరుగారిని “యువర్ ఆనర్” అన్న మనిషి, కోర్టులో జడ్జిగారిని “అధ్యక్షా” అనేవారు. పట్టుబట్టి కాలవ మీద వంతెన వేయించిన సంగతి జనం మర్చిపోయారు గానీ, ఈ అధ్యక్షా మాత్రం సఖినేటిపల్లి రేవు దాకా పాకింది.

నేను జూనియర్‌గా చేరేనాటికే ఆయనకు డెబ్బై. మా ఇంట్లో అంతకుముందు కోర్టు మెట్లెక్కినవాళ్ళంతా సాక్షులే, నల్లకోటుతో ఎక్కింది నేనే. చట్టం వచ్చు, నోరే రాదు. నలుగురిలో నిలబడితే గొంతు పూడుకుపోయేది. “మొదటి ముక్క బయటపడితే చాలు అమ్మాయిగారూ, మిగతావి తోసుకుంటూ వచ్చేస్తాయండీ” అనేవారు.

మూడేళ్ళకి సొంతంగా బోర్డు పెట్టాను. మొదటి కేసు ఒక ముసలమ్మ కొబ్బరితోట సరిహద్దు తగాదా. అవతలి పక్క వకీలు ఎవరా అని చూస్తే మా ప్లీడరుగారే. ఓడితే ఆవిడకు నాలుగు చెట్లు పోతాయి, నేనైతే ఇక ఆ కోటు మళ్ళీ తొడగకూడదనుకున్నాను.

వాదన రోజు లేచి నిలబడితే ఒక్క ముక్క రాలేదు. జడ్జిగారు రెండుసార్లు గడియారం చూశారు. అప్పుడు ప్లీడరుగారు లేచి, “అధ్యక్షా, అమ్మాయిగారు నా వయసు చూసి జాలిపడుతున్నట్టున్నారు. జాలి వద్దని తమరైనా చెప్పండి” అన్నారు. కోర్టంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వుతోపాటే గొంతూ బయటపడింది. కేసు గెలిచాను.

ఆ సాయంత్రం ఓడిన ప్లీడరుగారే కాజాల పొట్లంతో మా ఇంటికి వచ్చారు.

“అసెంబ్లీ వదిలేసి ఇన్నేళ్ళయింది కదండీ, ఇంకా ఆ మాట పోలేదా?” అని అడిగాను.

కాజా నములుతూ, “పోతే ఎలాగండీ, జూనియర్లు వస్తూనే ఉన్నారు కదా” అన్నారు.

నిన్న కోర్టు హాల్లో సంతాప సభ. నన్ను మాట్లాడమన్నారు. కాగితం చేతిలోనే ఉంది, గొంతు మాత్రం ఆనాటిలాగే పూడుకుపోయింది. అలవాటుగా అవతలి పక్క చూశాను. నాకోసం లేచేవాళ్ళు ఎవరూ లేరు.

“అధ్యక్షా” అన్నాను.

హాలంతా ఒక్కసారిగా నవ్వేసింది. జడ్జిగారూ నవ్వారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఆయ్, చెప్పండమ్మా” అన్నారు.