పదిహేనేళ్ళ కారు, తొంభై వేల కిలోమీటర్ల కారు

వీరగాథ ఒకటి చెబుతాను, వినండి. అంటే, కోయంబత్తూరులో మదురై బస్సెక్కి, అరగంటలో దిగిపోయాను. గాథ అంతే.

మదురైలో నాన్న స్నేహితుడి స్పోర్ట్స్ కారు ఉంది. పదిహేనేళ్ళది, షెడ్డులోనే ఉండి పెద్దగా తిరగనిది. దారిలో ఉన్న సూలూరులో నేను మోజుపడ్డ స్పోర్ట్స్ కారు నాలుగేళ్ళదే, కానీ తొంభై వేల కిలోమీటర్లు తిరిగింది. నాన్న తీర్పు మదురై కారుకే. బస్సులోంచి ఫోన్ చేసి, "సరి నాయనా, షెడ్డులో కదలకుండా ఉన్న ఆ పాత కారునే తెస్తా, ఎక్కువ తిరిగింది వద్దులే" అని లొంగిపోయాను. తమిళ బస్సులో తెలుగు ఎవరికీ అర్థం కాదన్న ధీమాతో, "పక్కన ముసలమ్మ బుట్ట పెట్టి సగం సీటు మింగేసింది" అని కూడా చేర్చాను.

"సగం కాదు తంబీ, ముక్కాలు," అందామె తెలుగులోనే, బుట్టను ఒళ్ళోకి తీసుకుంటూ.

తలుపు వైపు చూశాను. బస్సు వేగంగా పోతోంది.

"మా ఊరు కినత్తుకడవు తోపులో ఒగ నీళ్ళ మోటారు ఐదేండ్లు మూలన పెట్టినాము. చూసేకి కొత్తదే. వేస్తే లోపల రబ్బరంతా పొడి. దినమూ తిరిగే పాతది ఇంకా నీళ్ళు పోస్తుండాది." ఆమె నవ్వలేదు. "నాకు డెబ్బై. ఇంట్లో కూసోమని కొడుకు పోరుతాడు. నేను కూసోను."

నాన్నకి మళ్ళీ ఫోన్ చేశాను. "నేను సూలూరులో దిగుతుండా నాయనా. కోపమొస్తే రానీ."

ఆ కారే కొన్నాను. మా వీధి స్పీడ్ బ్రేకర్‌కి దాని అడుగు తగులుతుంది కాబట్టి, రెండు వీధుల అవతల ఆపి నడిచి వస్తాను.