మా మేస్త్రి ఈ ఊళ్లోనే ఉండేవాడు

మేస్త్రి పోయాడన్న కబురు నేను ముందు చూశాను, తర్వాత విన్నాను. పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నా కిరాణా దుకాణం ముందు చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఆయన భార్య నడిచి వచ్చి నా ఎదుట నిలబడింది. ఆమె చేతిలో స్టీలు చెంచా ఉంది. చెంచా మెడ దగ్గర వంగిపోయి ఉంది. కొసకు రక్తం అంటి ఉంది.

ఆయనకు వాంతి వచ్చింది. దవడ బిగుసుకుపోయిన మనిషి. నోరు తెరుచుకోదు. బయటికి రావలసింది లోపలికే మళ్లింది. ఆమె పళ్ల సందున చెంచా దూర్చి తెరవాలని చూసింది. ఊపిరాడక ఆయన ఆమెను తన్నాడు, మంచం పట్టె విరిచాడు, గోడకు తల బాదుకున్నాడు, తర్వాత ఆగిపోయాడు.

"చెంచా ఒంగింది గాని పండ్లు ఇడువలేదు తమ్మీ" అంది.

మీలో ఎవరికీ ఆయన తెలియడు. పినపాక మండలంలో అడవి అంచున మాది ముప్పై నలభై ఇళ్ల ఊరు. అడవిలో వెదురు నరకడానికి కూలీలను పెట్టి, కట్టలు కట్టించి, సారపాక కాగితం మిల్లుకు పోయే లారీలకు ఎత్తించే పని ఆయనది. నేను ఇరవై ఏళ్లప్పుడు ఆయన కింద చేరాను. బడి గడప తొక్కలేదు. కట్టల లెక్క రాసే మనిషి పని మానేసి పోయిన రోజు, నావైపు చెయ్యి చూపి "నువ్వు రాయి" అన్నాడు.

"రాదు మేస్త్రీ."

చెంప పగిలింది. "రాదని గింత గట్టిగ చెప్తున్నవ్, రాయనీకి ఏం రోగం? నేర్చుకో."

సిమెంటు బస్తాల మీద, బీడీ కట్టల మీద, బెల్లం చుట్టిన పేపర్ల మీద చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పు రాసిన రోజు వీపు మీద వెదురు బద్ద విరిగేది. ఇప్పటికీ ఆ రోజు జరిగింది నోట్‌బుక్కులో రాయకుండా నాకు రోజు ముగియదు. ఈ నాలుగు మాటలు కూడా ఆయన కొట్టి నేర్పిన అక్షరాలే.

సాత్వికుడని రాయడానికి నా చెయ్యి రాదు. ఆయనకు చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. ఒక లారీ డ్రైవరు కూలి ఆడమనిషి కొంగు పట్టుకుంటే ఆ చేతిని లారీ తలుపు సందున పెట్టి తలుపు వేశాడు. అదే మనిషి, ఏ పొదలోకైనా తను ముందు వెళ్లకుండా కూలీని వెళ్లనిచ్చేవాడు కాదు. కత్తి వెనక వైపుతో వెదురు మీద మూడు దెబ్బలు కొట్టి, చెవి ఒగ్గి విని, అప్పుడు "పాండ్రి" అని కూలీలను లోపలికి పంపేవాడు. లోపల పామున్నా, పందున్నా ఆ మూడు దెబ్బలకు కదిలేది.

నేను చేరిన ఏడాదే జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. అది లేకపోతే తర్వాతిది మీకు అర్థం కాదు. ఒక పొద్దున ఇద్దరు మోటారుసైకిల్ మీద వచ్చారు. మామూలు బట్టల్లో ఉన్నారు. ఆయన పేరు చెప్పి, "లారీ పనుంది తమ్మీ, ఇల్లెక్కడ?" అన్నారు. నేను ముందు నడిచి ఇల్లు చూపించాను. వాళ్లు పోలీసులు. అడవిలో తిరిగే అన్నలకు బియ్యం పంపుతున్నాడని అనుమానం. నా కళ్ల ముందే జుట్టు పట్టి ఈడ్చుకుపోయారు.

ఐదో రోజు వచ్చాడు. నడిచి కాదు, మోకాళ్ల మీద. అరికాళ్లు చీరేసిన చింతపండు ముద్దల్లా ఉన్నాయి. నన్ను పిలిపించాడు. చంపుతాడనుకుని వెళ్లాను. ఆముదం గిన్నె నా ముందుకు తోసి కాళ్లు చాపాడు. నేను రాస్తుంటే పళ్లు బిగబట్టి చెప్పాడు.

"దూప అయినోనికి నీళ్లియ్యి. దారి తప్పినోనికి దారి చూపు. పేరు వెట్టి అడిగినోనికి మాత్రం ఏం చెప్పకు."

ఆ మాట నేనొక్కణ్ణే కాదు, ఊరు ఊరంతా పట్టుకుంది. ఆ తర్వాత మా ఊళ్లో ఎవరైనా ఎవరి పేరైనా అడిగితే, అలాంటి మనిషి ఇక్కడ పుట్టనే లేదు.

ఆయన దవడ పోగొట్టిన ఎలుగుబంటి సంగతి ఇంకో ఆరేళ్లకు. చలికాలం పొద్దున. మేస్త్రి పొద మీద రెండు దెబ్బలు కొట్టాడు. మూడోది కొట్టబోతుంటే వెనక ఇద్దరు కూలీలు నీళ్ల డబ్బా కోసం కొట్లాడుకున్నారు. తిట్టడానికి ఇటు తిరిగాడు. పొదలోంచి నల్లగా లేచింది. పిల్లలున్న తల్లి. నిలబడి రెండు చేతులతో ఆయన తలను కౌగిలించుకున్నట్టు పట్టుకుంది. ఎముక విరిగిన శబ్దం ఎండు వెదురు విరిగినట్టే ఉంది. ఆయన ఎడమ చెయ్యి దాని నోట్లోకి తోసి, కుడిచేత్తో కత్తి వేస్తూనే ఉన్నాడు. నేనూ ఇంకొకతనూ వెదురు గడలతో దాని వెన్ను మీద బాదాం. అది వదిలి పోయేసరికి ఆయన ముఖం ఎడమ సగం కిందికి వేలాడుతోంది. చెవి లేదు. ఊడిన చెంపను తనే ఎత్తి, తువ్వాలతో కట్టుకుని, లారీ దాకా నడిచాడు. ఎక్కబోతూ ఆగి, వదులుగా కట్టిన ఒక కట్టను వేలితో చూపించాడు. దాన్ని విప్పి మళ్లీ బిగించి కట్టేదాకా లారీ ఎక్కలేదు.

హైదరాబాదులో రెండుసార్లు కోశారు. దవడ ఎముక అతకలేదు, వంకరగా బిగుసుకుంది. ఏళ్లు గడిచేకొద్దీ నోరు మూసుకుపోతూ వచ్చింది. జావ, గంజి, పప్పుకట్టు. పళ్లు కలిపి ఉంచే మాట్లాడేవాడు. అలవాటైన వాళ్లకే అర్థమయ్యేది. "ఒక్క మక్కకంకి కొరికి సస్త" అనేవాడు. ఆయన అడిగింది అదొక్కటే.

పోయినేడు భద్రాచలంలో ముఖాల ఆపరేషన్ల క్యాంపుకు జర్మనీ నుంచి ఒక సర్జన్ వచ్చాడు. మేస్త్రిని చూసి, ఇక్కడ కాదు, మా దేశంలో మా దవాఖానలో చేస్తానన్నాడు. ఖర్చు వాళ్లదే. క్యాంపు పనికి ఇక్కడే ఉండిపోయిన వాళ్ల నర్సు వానలు తగ్గాక తిరిగి పోయేటప్పుడు వెంటబెట్టుకు పోతుంది. ఇంకా ఆలస్యమైతే ఒకరోజు గొంతుకు ఏదైనా అడ్డం పడి ప్రాణం పోతుందని కూడా చెప్పాడు. కాలి ఎముక ముక్క తీసి దవడకు పెడతారట.

"కాలు బొక్క మూతికి వెడ్తె, ఇగ నేను నడిచినప్పుడల్ల నమిలినట్టేనా?" అన్నాడు మేస్త్రి. ఆయన భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది.

కాగితాలన్నీ నేను చూశాను. ఆ దవాఖాన విదేశీ రోగుల విభాగం నుంచి వారానికో ఉత్తరం ఫోనుకు వచ్చేది. ఫోను చేత్తో పట్టుకుని గుట్ట ఎక్కితేనే మా ఊళ్లో సిగ్నల్. ఎక్కి, దించుకుని, ఇంగ్లీషును తెలుగు చేయించుకుని చదివేవాణ్ణి. ఒక ఫారంలో అలర్జీ ఏమైనా ఉందా అని అడిగారు.

"అంటే ఏంది?"

"పడనిది, మేస్త్రీ."

"ఎలుగు, పోలీసు. రాయి."

వీసా ఫోటోకు మణుగూరు స్టూడియోకు తీసుకుపోయాను. పదిహేనేళ్లుగా ఇంట్లో తప్ప ముఖం మీది తువ్వాల తీయని మనిషి, తీసి కూర్చున్నాడు. ఫోటో తీసే అబ్బాయి జాలిపడి, కంప్యూటర్లో మంచి చెంపను తిప్పి చెడ్డవైపు అతికించి, నిండు ముఖం చేసి ఇచ్చాడు. మేస్త్రి చాలాసేపు చూశాడు.

"ఎవడురా ఈడు?"

"నువ్వే."

"మంచిగున్నడు." ఫోటో వెనక్కిచ్చాడు. "నా మొఖం నాకియ్యి బిడ్డా. గిది వట్టుకపోతే ఆడ డాక్టరు ఏం కోస్తడు?"

ఖమ్మం వెళ్లి పాస్‌పోర్టుకు పెట్టాం. పోలీసులు విచారణకు వస్తారని, భయం లేదని ఆయనకు పదిసార్లు చెప్పాను. ఊరికి చెప్పాలని తోచలేదు. నాకు నేను చెప్పుకోవాలని అసలే తోచలేదు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం ఇద్దరు మోటారుసైకిల్ మీద దుకాణం ముందు ఆగారు. మామూలు బట్టలు. ఒకతను చల్లటి సోడా తాగుతూ, ఫోనులో చూసి ఆయన పేరు, తండ్రి పేరు చదివాడు. "ఈయన ఇల్లెక్కడన్నా?"

ఆ పేరు దరఖాస్తు మీద రాసింది నేనే. అయినా ఆ క్షణం నాకు పాస్‌పోర్టు గుర్తు రాలేదు. అరికాళ్లు గుర్తొచ్చాయి.

"ఆ పేరుతోని ఇక్కడ ఎవ్వరు లేరన్నా."

వాళ్లు పంపు దగ్గర ఇద్దరు ఆడవాళ్లను అడిగారు. "తెల్వదు." అరుగు మీది ముసలాయనను అడిగారు. ఆయన చెవుడున్నట్టు నటించాడు. బండి మలుపు తిరిగి, శబ్దం వినపడకుండా పోయాక నాకు తెలివొచ్చింది. రోడ్డు దాకా పరుగెత్తాను. బురదలో టైరు గీత ఒక్కటే ఉంది. మర్నాడు స్టేషనుకు పోతే, ఊళ్లో అలాంటి మనిషి లేడని రాసి పంపేశామని, పైనుంచి మళ్లీ కాగితం వస్తేనే వస్తామని చెప్పారు. నర్సు వెళ్లే తేదీ దాటిపోయింది. దవాఖాన వాళ్లు నాలుగు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు.

మేస్త్రికి నేనే చెప్పాను. పొయ్యిలోకి పెట్టే కట్టె తీసుకుని నా భుజం మీద కొట్టాడు. ఒక్కటే దెబ్బ. ఆ వయసులో, ఆ ఒంటితో, అంత బలం ఎక్కడిదో. నా చెయ్యి వారం రోజులు లేవలేదు. తర్వాత కట్టె కింద పడేసి, పళ్ల సందున గాలి వదులుతూ నవ్వాడు.

"అప్పుడు చెప్పి సంపినవ్. ఇప్పుడు చెప్పక సంపినవ్. నీ నోరు మంచిది గాదురా." కట్టెను కాలితో పొయ్యి వైపు నెట్టి అన్నాడు, "మూడోసారి అడుగుతె ఏం చెప్తవో చూద్దాం."

మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఆపరేషన్ దాకా ఆయన ఏం తాగాడో, నొప్పి ఎంతో రోజూ రాయమని దవాఖాన వాళ్లు అడిగితే నోట్‌బుక్కులో వేరే పేజీలు పెట్టాను. ఇప్పుడు తిరగేస్తే ఇలా ఉంది. "జావ మూడు గ్లాసులు. జ్వరం లేదు. నొప్పి: అడిగితే తిట్టాడు." తర్వాత, "జావ రెండు గ్లాసులు. తిట్టాడు." చివరి వారంలో, "గ్లాసున్నర. తిట్టలేదు."

కొత్త తేదీ ఇంకా నెలన్నర ఉందనగా ఆ మంగళవారం వచ్చింది.

పాతిపెట్టిన తొమ్మిదో రోజు అదే మోటారుసైకిల్ దుకాణం ముందు ఆగింది. ఆ ఇద్దరే. ఫోనులో చూసి పేరు చదవబోయాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు నేనే చెప్పాను. వేపచెట్టు పక్క రేకుల ఇల్లని చెయ్యెత్తి చూపించాను.

"మొన్న లేడన్నవ్ గదనే?"

"అబద్ధం చెప్పిన సార్. ఉండె. తొమ్మిది రోజులాయె, పోయిండు."

అతను హెల్మెట్ తీశాడు. చిన్నవాడే. ఇంటిదాకా వచ్చాడు. విషయమంతా విని, "అయితే చనిపోయిండని పెట్టి క్లోజ్ చేస్తం" అన్నాడు మెల్లగా.

మేస్త్రి భార్య అడ్డం వచ్చింది. "చచ్చిపోయిండని తర్వాత రాయి బిడ్డా. ముందుగాల ఉండె అని రాయి. ఊళ్లె అసువంటి మనిషే లేడని మీ కాయితంల ఉన్నదట. నలభై ఏండ్లు నేను ఎవనికి వండిపెట్టిన మరి?"

ఫోనులో అలా రాసే గడి లేదన్నాడు. నేను నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి రాశాను. 'ఈ పేరు గల మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఈ ఊళ్లోనే ఉన్నాడు.' కింద నా సంతకం పెట్టాను. ఇద్దరు సాక్షులు చాలన్నాడు అతను. వాళ్ల సంచిలోని నీలం ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది ఆమె ముద్ర వేసింది. అక్కడితో సరిపోయేది. కానీ పంపు దగ్గరి ఆడవాళ్లిద్దరూ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చారు. వాళ్ల వెనక అరుగు మీది ముసలాయన, ఎవరూ పిలవకుండానే, "నాకు ఇనవడ్తది, వెట్టు" అని వేలు చాపాడు. నీళ్ల డబ్బా కోసం కొట్లాడుకున్న కూలీలిద్దరూ వచ్చారు. ఊరు ఊరంతా వరస కట్టింది.

"చాలన్నా, చాలు" అంటూనే అతను కాగితం వెనక్కి తిప్పి పట్టుకున్నాడు. అది కూడా నిండింది.

బండి పోయింది. పంపులో నీళ్లు వస్తూనే ఉన్నాయి. ఆ సాయంత్రం దుకాణానికి ఉప్పుకు, అగ్గిపెట్టెకు వచ్చిన ప్రతి చేతికీ బొటనవేలు నీలంగానే ఉంది. ఎవరూ కడుక్కోలేదు.