మేకతో చుట్టరికం

నా చిన్నప్పుడు సింగపూర్‌లో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ముందు ఊరు అడిగేవారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత పిల్లల మొహం కేసి చూసి ఎవరి పోలికో తేల్చేవారు. ఆ మూడోది మొదలైతే నాకు ఒళ్ళు మండేది. నన్ను నెలల పిల్లగా తెచ్చి పెంచుకున్నామని నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది అమ్మ నాతో చెప్పింది. సంగతి మా ముగ్గురికే తెలుసు. అడిగిన ప్రతి ఆంటీకీ అమ్మ ఏదో ఒకటి చెప్పి నవ్వేసేది. నేను మాత్రం ఎప్పుడు బయటపడుతుందోనని ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉండేదాన్ని.

మేముండే బుకిట్ పంజాంగ్‌లో సైన్సంటే చెవి కోసుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఉండేవి. ఏడాదికోసారి మా బ్లాకు కింద బల్లలు వేసుకుని, తలా ఒక వంట తెచ్చుకుని, జీవపరిణామం పేరు మీద విందు చేసుకునేవాళ్ళు. ఆ ఏడు అతిథిగా ఒక హైదరాబాదీ ఆంటీ వచ్చింది. మా పేట పక్కనున్న అడవిలో కోతుల మీద పరిశోధన చేసే జీవశాస్త్రవేత్త. తరతరాలుగా ఏ లక్షణం ఎవరికి ఎలా వస్తుందో చెబుతుందని నాన్న ముందునుంచీ ఊరిస్తున్నాడు. కడుపునొప్పి అని ఇంట్లోనే ఉండిపోదామని చూశాను. అమ్మ దగ్గర అలాంటివి సాగవు. ఏ బాధకైనా ఆవిడ దగ్గర ఒకటే మందు, ‘తిను ముందు’.

అనుకున్నంతా అయింది. వడ్డన కాకముందే ఆ ఆంటీ అందరి చేతులూ బల్ల మీద పెట్టించింది. బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు కాస్త వంచితే కొందరికి మధ్యలో తాడులా నరం లేస్తుందట. మన పూర్వీకులు చెట్లెక్కిన కాలం నాటి గుర్తట. అమ్మకు లేచింది. నాన్నకూ లేచింది. నాకు ఎంత బిగబట్టినా లేవలేదు.

“అదేంటే, ఇద్దరికీ ఉంటే నీకెందుకు రాలేదు?” అంది పక్క కుర్చీలో ఆవిడ. ఆవిడకు తెలిసి అడగలేదు, నవ్వులాటకే అంది. నేను మాత్రం చేతులు బల్ల కిందికి లాక్కున్నాను.

అతిథి ఆంటీ నా దగ్గరికి వచ్చి తన మణికట్టు వంచి చూపించింది. “నాకు గూడ లేదు బేటా. మా అమ్మీకి ఉండె, అబ్బాకు ఉండె. ఒక్కోసారి అట్లయితది.”

అంతటితో ఊరుకోవచ్చు కదా! నేను ఊరుకోలేదు. “మరి ఆంటీ, అసలు చుట్టరికమే లేనివాళ్ళు ఉండరా?” అని అడిగేశాను.

ఆవిడ నా మొహం కేసి కాసేపు చూసింది. ఏం కనిపించిందో తెలియదు. బల్ల మీది బిర్యానీ గిన్నె మూత తీసింది. “ఈ మేక గూడ మనకు చుట్టమే. వెనక్కి, ఇంకా వెనక్కి పోతే దానికీ మనకూ ఒక్కతే నానమ్మ. చుట్టం కాంది ఏదీ లేదు బేటా. దగ్గరనో దూరమో, గంతే.”

అయితే ఇప్పుడు చుట్టాన్ని తినబోతున్నామా అని ఎవరో అన్నారు. అందరూ విరగబడి నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. నా పళ్ళెంలో వడ్డిస్తూ చెవి దగ్గరికి వంగింది.

“విన్నావా? మేకకే చుట్టరికం ఉందంటే, నీకూ నాకూ లేకపోద్దా? తిను ముందు.”

ఏడుపు ఆగలేదు. అడిగినవాళ్ళకు కారం అని చెప్పాను.

ఇప్పుడు నేనే పెద్దదాన్ని. చెయ్యి వంచి చూసుకుంటే ఆ నరం ఇప్పటికీ లేవదు. అమ్మ ముక్కు రాలేదు, అమ్మ రంగూ రాలేదు. మొన్న మా మనవరాలు బళ్ళో ఎవరో ఏదో అన్నారని అన్నం ముట్టకుండా మూతి ముడుచుకుని కూర్చుంది. పళ్ళెం దాని ముందుకు తోసి, “తిను ముందు” అన్నాను. పక్క గదిలోంచి మా ఆయన ఒక్క ఉదుటున వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చనిపోయి ఇన్నేళ్ళయిన మా అమ్మే మాట్లాడిందనుకున్నారట.