గిలకకాయల పొద దగ్గర తొమ్మిదో సాలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా స్కూల్లో అందరికీ తెలుసు. మాచర్ల దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. కిందటి కార్తీకంలో ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని తొమ్మిది మందిని నాగార్జునకొండకు తీసుకెళ్లాను. సాగర్ నీళ్ల మధ్య దీవి అది. వచ్చినవాళ్లంతా మ్యూజియం చూసి లాంచీ ఎక్కేస్తారు. వెనకాల చెట్లలో ఎన్ని రకాల సీతాకోకచిలుకలున్నాయో మా పిల్లల చేత రాయించాలని నా ఆశ.

“ఇయ్యి మా మిరపతోటలో వాలితే మా నాయన మందు కొట్టేత్తాడు మేడం,” అంది ఒకతి. ఎలా లెక్కపెట్టాలో ఎంత చెప్పినా తలకెక్కకపోతే, చివరికి వాళ్లకు తెలిసిన మిరపకోతలోకే దిగాను.

“మిరపకాయలు కోసినట్టేనే. తలా ఒక చెట్ల వరస, అదే మీ సాలు. మీ సాలు అయ్యేదాకా కదలొద్దు. నోరెత్తారంటే అవి లేచిపోతాయి, జాగ్రత్త!”

అందరికీ ఇట్టే అర్థమైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సాయంత్రం లాంచీ దగ్గర తలలు లెక్కపెడితే ఎనిమిదే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. ఎనిమిదే.

“మేడంగారూ, ఇదే ఆఖరి లాంచీ. గాలి లేత్తంది, చానాసేపు ఆపలేను,” అన్నాడు లాంచీ నడిపే పెద్దాయన.

రానిది ఎవరో మొహాలు చూసి పోల్చుకున్నాను. ఆ పిల్లకు ఈత రాదు. పొద్దున వాళ్లమ్మ “మీదే భారం మేడం” అని రెండుసార్లు చెప్పి పంపింది. గొంతు చించుకుని పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నీటి అంచు వైపు చూడ్డానికి భయమేసింది. అయినా చూశాను.

“ఏ పక్కకి పంపారమ్మా ఆ పిల్లని?” అని అడిగాడు పెద్దాయన.

తొమ్మిదో సాలు, అన్నిటికన్నా చివరిది. ఇద్దరం అటు పరుగెత్తాం.

ఊపితే గలగలమనే ఎండు గిలకకాయల పొద ముందు పిల్ల నిలబడి ఉంది. పొద నిండా నలుపు మీద లేతనీలం మచ్చల సీతాకోకచిలుకలు, కొమ్మ కనపడకుండా వాలి ఉన్నాయి. దాని చేతిలో పెన్సిలొక్కటే కదులుతోంది.

“ఒసేయ్! ఎంతసేపట్నించి పిలుస్తున్నానే! చెవుడొచ్చిందా?”

నా అరుపుకి పొద మొత్తం గుప్పున లేచిపోయింది. పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

“మీరే గదా మేడం నోరెత్తొద్దన్నారు? సాలు ఇంకా అవ్వలా. సగంలో ఇడిసిపెట్టి ఎట్టా వత్తా?”

కొట్టడానికి లేచిన చేత్తోనే దాన్ని దగ్గరికి లాక్కున్నాను. బతికించావు తల్లీ అంటూ అక్కడే కూలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను. “ఏంది మేడం, ఏమైంది?” అని అది నా వీపు నిమురుతోంది. పెద్దాయన అటు తిరిగి, “ఇంక పదండమ్మా,” అన్నాడు మెల్లగా.

లాంచీలో అందరి నోటుపుస్తకాలూ దిద్దాను. దాని పేజీ నిండా పెన్సిలు గీతలు, ఐదేసి చొప్పున కట్టలు. చివర్లో ఒక వాక్యం రాసుకుంది: “మిగతావి మేడం అరుపుకు లేచిపోయినవి.”

దాని కింద ఎర్రపెన్నుతో రైటు కొట్టి సంతకం పెట్టాను.