ఎర్ర ఆర్ములు, నల్ల ఆర్ములు

ఎర్ర రంగు చూడగానే మా ఆయన దానికి పడిపోయాడు. పలాసలో మెకానిక్ షెడ్డు ముందు గోనెపట్టా మీద రెండు జతల ఆర్ములు పరిచి ఉన్నాయి. జీపు ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చేతులవి. చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. మేం మార్చాల్సింది పైవాటిని. ఒక జత ఎర్రగా, పొడుగ్గా, మహా దర్జాగా ఉంది. రెండోది నల్లది, కాస్త పొట్టిది, దాని మొహం చూసేవాడు లేడు. మెకానిక్ రెండూ విశాఖపట్నం నుంచి తెప్పించి, నచ్చినవి ఉంచుకోమన్నాడు.

"బండి ఎత్తు పెంచినాం గదా, ఆర్మ్ కూడా పొడుగ్గుండాల. ఇందల ఆలోసించడానికేటుంది?" అన్నాడు మా ఆయన.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా జీడితోట అక్కుపల్లి వైపు ఇసుక నేలలో ఉండేది. ఆ దారిలో జీపు కడుపు ఇసుకకు ఆనుకుని, ఎంత తొక్కినా కదిలేది కాదు. అందుకని మా ఆయన పొడుగు స్ప్రింగులు వేయించి బండిని పైకి లేపించాడు. ఇక ఇసుకలో దానికి తిరుగులేదు. తారురోడ్డు ఎక్కితేనే గొడవ. ఒక పక్కకి లాగేది. మలుపు తిప్పాక స్టీరింగు తనంతట తాను వెనక్కి వచ్చేది కాదు. కొత్త టైర్ల బయటి అంచులు నెల తిరక్కుండానే అరిగిపోయాయి. చివరికి ఒకరోజు, నేను నడుపుతుండగా, అది తిన్నగా వెళ్ళి మావయ్యగారి కొబ్బరితోట కంచెలో దూరింది.

మావయ్యగారు ఆ విరిగిన కంచె దగ్గరే నిలబడి తీర్పు చెప్పేశారు. "అమ్మీయండి దీన్ని. ఆదివారం సంతబొమ్మాళి నుంచి మనిషొత్తాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను డ్రైవింగు నేర్చుకున్నది ఆ జీపు మీద. అక్కుపల్లి సముద్రపొడ్డున తడి ఇసుక మీద మొదటిసారి మూడో గేరు వేసినప్పుడు నేను పెట్టిన కేకకి వల లాగుతున్నవాళ్ళు ఆగి చూశారు. మా చుట్టుపక్కల ఊళ్ళలో జీపు నడిపే ఆడమనిషిని నేనొక్కర్తినే. ఆ జీపు పోతే మళ్ళీ ఎవరికి తీరికవుతుందా, ఎవరు తీసుకెళ్తారా అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఆ బతుకు నాకొద్దు. ఆదివారం లోపల బండి తిన్నగా నడిస్తే మావయ్యగారి మనసు మారుతుందని ఆశపడ్డాను. పై ఆర్ములు మారిస్తే కుదురుతుందన్నాడు మెకానిక్. మేం ఆ షెడ్డు దగ్గర నిలబడ్డ రోజు గురువారం.

ఆర్ముల గురించి నాకేమీ తెలియదు. నిలువు అంటే ఏమిటో మాత్రం తెలుసు. భావనపాడులో మా నాన్నది వల సామాను అమ్మే దుకాణం. గోడకి అర బిగించినప్పుడల్లా ఆయన వలదారానికి సీసపు గుండు కట్టి వేలాడదీసి, వంకర ఎంతుందో చూసేవాడు. దారం పట్టుకునే పని నాది. టైర్లు ఒక్క పక్కే అరగడం చూశాక నాకెందుకో ఆ దారం గుర్తొచ్చి, పుట్టింటికి వెళ్ళి ఒక గుండు తెచ్చుకున్నాను.

షెడ్డులో జీపు పక్కన చతికిలబడి, చక్రం రిమ్ము పై అంచుకి దారం ఆనించాను. గుండు ఊగి ఊగి ఆగింది. కింద, రిమ్ముకీ దారానికీ మధ్య నా వేలు దూరేంత సందు! అంటే చక్రం నెత్తి అప్పటికే బయటికి వాలి ఉంది. పొడుగు ఆర్మ్ వేస్తే ఇంకా బయటికి తోసేస్తుంది.

"పొడుగుది గాదు! పొట్టిదే కావాల!" అని అరిచాను.

"ఎత్తు పెంచిన బండికి పొట్టి ఆర్మేటే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీండి. టైరు బయటేపు అరిగిందా, లోపలేపా? మీరే సెప్పండి."

మా ఆయన వంగి టైరు బయటి అంచుని వేలితో తడిమి చూశాడు. అప్పుడు మెకానిక్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మ సెప్పింది నిజిమే. నల్లదానికి బాల్ జాయింటు, అదే సక్రం తిరిగే కీలు, అది కూడా కుసింత ఎనక్కుంటాది. స్టీరింగు దానంతటదే తిరిగొత్తాది."

"మరి ముందే సెప్పొచ్చు గదయ్యా!"

"సారు ఎర్రదాన్ని సూసి మురిసిపోతన్నారని ఊరుకున్నానమ్మా."

నల్లవి బిగించాక మళ్ళీ దారం వేశాను. పైన, కింద రెండు చోట్లా దారం రిమ్ముకి ఆనింది. ఉండబట్టలేక టెక్కలి దాకా నేనే నడిపాను. ఒక మలుపు తిరిగాక చేతులు వదులు చేస్తే స్టీరింగు తనంతట తాను సర్దుకుని నిలిచింది. నేను కేక పెట్టాను. భయంతో ముందు కమ్మీ పట్టుకుని కూర్చున్న మా ఆయన పకపకా నవ్వాడు. "పోనీ, ఈటికే ఎర్ర రంగు పూయించీనా?" అని బతిమాలాడు కూడా.

శనివారం సాయంత్రం ఇంటి ముందు ఇంకోసారి దారం వేసి చూస్తుంటే మావయ్యగారు వచ్చి నిలబడ్డారు. వంగి, ఒక కన్ను మూసి దారాన్ని చూశారు. తర్వాత లోపలికి వెళ్ళిపోయారు.

ఆదివారం సంతబొమ్మాళి మనిషి రానే వచ్చాడు. బండి తీసుకుని ఇసుకలోకి వెళ్ళాడు, తారురోడ్డు మీద తిరిగొచ్చాడు. దిగేటప్పటికి మొహం వెలిగిపోతోంది. "బండి భలేగుందండీ. ఇప్పుడే తీసుకెల్లిపోతాను" అన్నాడు.

మావయ్యగారి మనసు మార్చాలనుకున్నానే గానీ, బండి ఈ మనిషి మనసు కూడా దోచుకుంటుందని నాకు తట్టలేదు. అమ్మకానికి బండిని నా చేతులతో నేనే సింగారించి పెట్టాను.

మావయ్యగారు తాళం చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగారు. "ఏటమ్మా, ఇచ్చీమంతావా?"

పెళ్ళై ఆరేళ్ళు. ఏది కొన్నా, ఏది అమ్మినా ఆ ఇంట్లో నన్నెవరూ అడిగింది లేదు. మా ఆయన నేలచూపులు చూస్తున్నాడు.

"వద్దు మావయ్యా. నాకు కావాల" అన్నాను. మాట గట్టిగానే వచ్చింది.

మావయ్యగారు వచ్చినాయన వైపు చూసి చేతులెత్తేశారు. "బండిగలామె ఇవ్వనంతంది బాబూ. నానేటి సేత్తాను?"